తుక్కాపంచకము – కంభము చెఱువు

ప్రేమను వర్ణించునపుడు మన కవులు పదార్థధర్మముల నాశ్రయించుట క్రొత్త గాదు. అయస్కాంతము, చంద్రకాంతము, పుటపాకము మొదలగు నుపమానములు కావ్యములందు విరివిగాఁ గలవు. ఇవి సొంపునకు మాత్రమే చెప్పఁబడినవా, లేక ప్రేమయొక్క ప్రవృత్తిని, ముఖ్యముగా నందలి యపాయమును దెలుపఁగలవా యనునది విచార్యము. ఉపమకుఁ బ్రాణము సాధారణధర్మము. ఆ ధర్మము భౌతికశాస్త్రపరీక్షకు నిలిచినచో నుపమయు గట్టిపడును.

మొదట నయస్కాంతమును జూతము. కుమారసంభవ ద్వితీయసర్గమున బ్రహ్మ దేవతలతో, అయస్కాంతముచే నినుమునుబోలె నుమారూపముచే శివుని మనస్సు నాకర్షింపుఁడని చెప్పును. దగ్గఱైనకొలఁది యాకర్షణము హెచ్చుననుట నిజమే. కాని యినుము పణముగా నొడ్డునది యేమియు లేదు. తృతీయసర్గమున మన్మథుఁడు భస్మమగుటకుఁగాని, పంచమసర్గమున నుమ తపమొనర్చుటకుఁగాని యీ యుపమయందుఁ దావు లేదు. దేవతల లెక్క యాకర్షణముతో ముగిసినది, కావ్యము ముగియలేదు.

భవభూతి యుపమానము వేఱు. ఉత్తరరామచరిత తృతీయాంకమున రాముని రోదనమునుగూర్చి, చెఱువు నిండి పొంగినపుడు నీరు వెలికిఁ బాఱుటయే ప్రతిక్రియ యను భావము చెప్పఁబడినది. దీని విలువ నెఱుఁగఁగోరువారు మార్కాపురము, గిద్దలూరుల నడుమనున్న కంభము చెఱువును జూడవలెను. కొండల సందునఁ బ్రవహించు గుండ్లకమ్మ కడ్డముగాఁ గట్టిన యా కట్ట యెత్తు 57 అడుగు లందురు. 2020లో నది ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తింపఁబడినది.

నీటి యొత్తిడి వైశాల్యమునుబట్టి గాక లోఁతునుబట్టి యుండును. 57 అడుగుల లోఁతునఁ జదరపుటడుగునకు నించుమించు 3,550 పౌనుల యొత్తిడి గలుగును. చెఱువు మైళ్లకొలఁది వ్యాపించినను, బావివలె నిఱుకైనను నీ లెక్క మాఱదు. కావుననే కట్టను అడుగున వెడల్పుగఁ గట్టుదురు. ప్రేమయందును అపాయమునకుఁ గొలఁత గడచిన దినములు గావు, వైభవము గాదు, లోఁతే.

మఱియొకటి. అలుగు పాఱినంతమాత్రమునఁ జెఱువు ఎండదు. అలుగు మట్టమునకు దిగువనున్న నీరు నిలిచియే యుండును. కట్ట యోర్వలేని భాగము మాత్రమే తొలఁగును. కనుక రోదనముచే శోకము నశించునని యా శ్లోకమునకుఁ దాత్పర్యము చెప్పుట యుక్తము గాదు. హృదయము నిలుచుననుటయే కవి చెప్పినది.

ఈ చెఱువును శ్రీకృష్ణదేవరాయల (1509–1529) దేవియు, గజపతి కూఁతురునగు వరదరాజమ్మ కట్టించెనని స్థలజనశ్రుతి. రాయలచే నుపేక్షింపఁబడి కంభమునఁ గాలము గడపిన గజపతిపుత్రిక తుక్కాదేవి యనియు, తుక్కాపంచక మను నైదు సంస్కృతశ్లోకము లామె రచనయనియుఁ బ్రతీతి. ఇరువురు నొక్కరే యను వాదమును గలదు. దాని నిర్ణయము చరిత్రకారులది. శ్లోకముల గుణము దానిపై నాధారపడదు. అందు మిక్కిలి ప్రసిద్ధమైనది తుమ్మెద వనమంతయుఁ దిరిగియు సంపెంగను మూర్కొనకుండుటను జెప్పు నన్యాపదేశము. రాజు పేరు లేదు, యాచన లేదు, ఇరువురియందును దోషము మోపక దైవేచ్ఛకు విడుచుట గలదు.

రాముని రోదనము అలుగు. నిండినపుడు తనంతఁ దానే పాఱును. తుక్కాదేవి శ్లోకము తూము, మితమెఱిఁగి తెఱవఁబడినది. అందుచేతనే యది క్రింది పొలములను దడుపఁగల్గెను; అనఁగా నామె దుఃఖము నెఱుఁగనివారికిని రసాస్వాదయోగ్య మయ్యెను. అన్యాపదేశమును కేవలము చమత్కారమని తలఁచువా రీ భేదమును గమనింపవలెను.

ఉపమకు నెల్లయుఁ గలదు. నీటికి నిచ్ఛ లేదు, హృదయమునకుఁ గలదు. కట్ట లేక పాఱు నీటికిఁ దెగునను భయము లేదు, దానివలనఁ బైరును లేదు. కట్ట కట్టువాఁడు తెగు నపాయము నెఱిఁగియే కట్టును. అందులకే యలుగును, తూమును నమర్చును. ప్రేమించువారికిఁ గవిత్వ మట్టి యమరిక. భవభూతి శ్లోకమును బోధించు పండితులు విద్యార్థుల నొకపరి తమ యూరి చెఱువుకట్టకుఁ గొనిపోయి చెప్పినచో, వ్యాఖ్యానము సగము తగ్గును, అర్థము స్థిరపడును.