తబ్జిమ్త్: ఒక వెండి బిళ్లలో ఎన్ని తెగలు

అల్జీరియాలోని కబీలియా కొండల్లో ఆడవాళ్లు పెట్టుకునే తబ్జిమ్త్ గుండ్రటి వెండి బిళ్ల. పెద్దవైతే అరచేతిని నింపేస్తాయి. నడుమ పగడం, దాని చుట్టూ వలయంగా మరికొన్ని పగడాలు, సందుల్లో నీలం, ఆకుపచ్చ, పసుపు ఎనామెల్, అంచుల వెంట వెండి గుండ్లు, కింద వేలాడే బొట్లు. చూసినవాళ్ల కళ్లు ముందు పగడాల మీదికే పోతాయి. అసలు పనితనం చూడాలంటే మాత్రం నగను తిరగెయ్యాలి. పాతకాలపు మంచి తబ్జిమ్త్‌లకు వెనకపక్క కూడా ఎనామెల్ ఉంటుంది. అక్కడ పగడాల సందడి లేదు, తీగా రంగూ మాత్రమే. వలయాలు, ముక్కోణాలు, చుక్కలు ఒకదానికొకటి తగలకుండా, ఎక్కడా తడబడకుండా సాగుతాయి. పెట్టుకున్నప్పుడు ఈ ముఖం బట్టకు ఆనుకుని ఉంటుంది. ఎవరికీ కనబడదు.

దీనికి శాస్త్రపరమైన కారణం ఒకటి చెప్పొచ్చు. ఎనామెల్ అంటే కరిగి లోహానికి అంటుకున్న గాజు. చల్లారేటప్పుడు వెండి ఎక్కువగా ముడుచుకుంటుంది, గాజు తక్కువగా ముడుచుకుంటుంది. ఒక్క వైపే గాజు ఉంటే రేకు వంగుతుంది, గాజు బీటలిస్తుంది. రెండు వైపులా ఉంటే బలాలు సరితూగుతాయి. ఈ పని చేసేవాళ్లకు ఏ దేశంలోనైనా తెలిసిన సంగతే. కాని దానికోసం వెనక ఒక పూత పూస్తే చాలు. తీగ తీగా వంచి ముగ్గు వెయ్యక్కర్లేదు. ఆ ముగ్గు శాస్త్రం అడిగింది కాదు, కంసాలి పట్టింపు.

ఈ నగలకు పేరుపడ్డ చోటు అత్ యెన్ని. తిజీ ఉజూ రాష్ట్రంలో, జుర్జురా శిఖరాలకు ఎదురుగా, ఒక కొండ గట్టు మీద వరుసగా కూర్చున్న కొన్ని గ్రామాల గుంపు. రచయిత మౌలూద్ మమ్మెరి, ఇస్లామిక్ ఆలోచనాపరుడు మొహమ్మద్ అర్కూన్ ఇద్దరూ ఇక్కడి తౌరిర్త్ మిమూన్‌లోనే పుట్టారు. అత్ యెన్ని అన్నది ఊరి పేరు కాదు, తెగ పేరు. కబీలియాలో మనిషి ఎవరన్నది పొరలుపొరలుగా ఉంటుంది. ముందు ఇల్లు, తర్వాత వంశం, ఆపైన తద్దార్త్ అనే గ్రామం. గ్రామాలు కలిస్తే ఆర్ష్, అంటే తెగ. తెగలు కలిస్తే కూటమి. అత్ యెన్నివాళ్లు అత్ బెత్రూన్ కూటమివాళ్లు. ఆ కూటమి ఇగవవెన్ అనే ఇంకా పెద్ద సమూహంలోది. ఊరి కట్టుబాట్లు, జరిమానాలు, తగాదాలు తజ్మాత్ అనే మగవాళ్ల సభలో తేలేవి. ఏ ఊరికి ఆ ఊరే ఒక చిన్న రాజ్యంలా నడిచిన చోట పని కూడా ఊళ్లవారీగా పంచుకున్నారు. అత్ యెన్నిలో నగలకు, తుపాకులకు పేరు అత్ లర్బాది.

దొంగ నాణేలకు కూడా. ఒట్టోమన్ తురుష్కులు అల్జీర్స్‌ను ఏలిన రోజుల్లో చెలామణీలో ఉన్న రకరకాల నాణేలకు అత్ లర్బాలో నకళ్లు తయారయ్యేవి. 19వ శతాబ్దంలో కబీలియా గురించి రాసిన ఫ్రెంచివాళ్లు ఈ సంగతిని నోరు వెళ్లబెట్టి మరీ రాశారు. నాకు ఇందులో తప్పుకంటే నైపుణ్యమే ఎక్కువ కనబడుతుంది. పరాయి రాజు ముద్రను గీత పోకుండా దించగలిగిన చెయ్యి, ఏ లోహంలో ఏది ఎంత కలిపితే ఏ రంగు, ఏ మోత వస్తుందో తెలిసిన చెయ్యి, నగ పనిలో తడబడుతుందా? ఆ రెండు పనులకూ ముడిసరుకు ఒకటే. నగల వెండి చాలావరకు కరిగించిన నాణేలదే.

ఇక చేసే పద్ధతి. వెండిని రేకుగా సాగగొట్టి, కావలసిన ఆకారానికి కత్తిరిస్తారు. ఇంకొంత వెండిని కమ్మచ్చులో లాగి సన్నని తీగ చేస్తారు. దాన్ని మెలిపెట్టి, వంచి, రేకు మీద గూళ్లుగా నిలబెట్టి టంకం పెడతారు. రంగుకీ రంగుకీ మధ్య గోడ ఆ తీగే. కరీంనగర్ వెండి తీగపని ఎరిగినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ తీగల మధ్య ఖాళీయే అందం, గాలీ వెలుతురూ అందులోంచి పోవాలి. ఇక్కడ ఆ ఖాళీలను రంగుగాజుతో పూడ్చేస్తారు.

ఎనామెల్ రాళ్లను మెత్తగా నూరి, తడిపి, ఆ పొడిని గూళ్లలో నింపుతారు. ఆరాక నిప్పుల మీదికి పంపుతారు. కంసాలి గుండె దడదడలాడేది ఇక్కడే. అచ్చమైన వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నగ వెండిలో రాగి కలుస్తుంది కాబట్టి అంతకు ముందే మెత్తబడుతుంది. టంకం ఇంకా ముందే కరుగుతుంది. గాజేమో 700 డిగ్రీలు దాటితేగాని సరిగా పారదు. గాజు కరగాలి, టంకం కరగకూడదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఇరుకు సందులోంచి నగను క్షేమంగా దాటించాలి. ఉష్ణమాపకాలు లేని రోజుల్లో కొలిమి ముందు కూర్చున్న మనిషికి కన్నే కొలత. పొడి ముద్ద కట్టి, తర్వాత నిగనిగలాడిన క్షణంలో బయటికి తీసెయ్యాలి. ఇంకొంచెం చూద్దామనుకుంటే తీగలు ఊడిపోతాయి.

రంగులు మూడే. నీలం కోబాల్టుతో వస్తుంది. నీలం, ఆకుపచ్చ వెలుగును లోపలికి రానిస్తాయి. వెలుగు గాజులోంచి పోయి, కిందున్న వెండికి తగిలి వెనక్కి వస్తుంది. అందుకే ఆ నీలానికి లోతు ఉన్నట్టు అనిపిస్తుంది. పసుపు అలా కాదు, వెలుగును దాటనివ్వదు. దాన్ని చిన్నచిన్న గూళ్లలోనే పొదుపుగా వాడతారు. ఎక్కువైతే నగంతా మొద్దుబారుతుందని పాత పనివాళ్లకు తెలుసు.

పగడం చివర్లో. కారణం తేలిక. పగడానికి వేడి పడదు, రంగు పోతుంది. ఆమ్లం కూడా పడదు, సున్నపు పదార్థం కాబట్టి కరుగుతుంది. కాలిన నగను ఆమ్లంలో శుభ్రం చేసి, మెరుగు పెట్టి, అన్నీ అయ్యాకే పగడాన్ని దాని గూటిలో కూర్చోబెడతారు. జనం ముందుగా చూసేది కంసాలికి ఆఖరి పని.

ఆ పగడం కొండది కాదు, సముద్రానిది. అల్జీరియా తూర్పు కొసన, ట్యునీసియా సరిహద్దు దగ్గర, ఎల్ కాలా ఒడ్డు దానికి ప్రసిద్ధి. ఆ తీరపు పగడం కోసం మార్సెయ్, జెనోవా వ్యాపారులు శతాబ్దాలపాటు పోటీపడ్డారు. మధ్యధరా పగడం మన దాకా కూడా వచ్చింది. 17, 18 శతాబ్దాల్లో ఇటలీ రేవు లివోర్నోలోని యూదు వర్తకులు పగడాలు పంపి, బదులుగా భారతదేశపు వజ్రాలు తెప్పించుకునేవాళ్లు. గోల్కొండ వజ్రానికీ కబీలియా నగకూ ఒకే సముద్రంతో లెక్కలున్నాయన్నమాట.

ఎనామెల్ విద్య ఎక్కడిది అన్నదానిలోనూ సముద్రం దాటిన కథే ఉంది. ఈ నగలను అందరికంటే శ్రద్ధగా పరిశీలించిన ఆన్రియెత్ కాంప్స్-ఫాబ్రెర్ దీన్ని అందలూసియా నుంచి, అంటే ముస్లిం స్పెయిన్ నుంచి వచ్చిన విద్యగా భావించారు. 1492లో గ్రనాడా పడిపోయాక ముస్లింలు, యూదులు గుంపులుగా ఉత్తర ఆఫ్రికా రేవుల్లో దిగారు. మొరాకో దక్షిణాన తిజ్నిత్ వైపు, ట్యునీసియాలో మొక్నీన్ వైపు కూడా ఇలాంటి తీగ ఎనామెల్ పని ఉంది. ఆ పనిలో యూదు కంసాలుల చెయ్యి పెద్దది. ఒక్కసారి లెక్క చూడండి. వెండి పరాయి రాజుల నాణెం. పగడం రేవుది. విద్య కాందిశీకులది. అయినా ఈ బిళ్లను చూసి కబైల్, అంటే కబీలియావాళ్లది, కాదనేవాళ్లు ఎవరూ లేరు.

అల్జీరియాలో తెగల గురించి మాట్లాడేటప్పుడు జనం గీతలు గీసేస్తారు, ఇటు అరబ్బులు, అటు బెర్బర్లు అని. నగలు ఆ గీతలను అంత తేలిగ్గా ఒప్పుకోవు. కబైల్‌లూ బెర్బర్లే. వాళ్ల భాషకు దగ్గరి భాష మాట్లాడే ఔరేస్ కొండల షావియాలు ఎనామెల్ జోలికే పోలేదు. వాళ్ల వెండి రంగు లేనిది. పోత పోసో, రేకును కత్తిరించి చిల్లులు తీసో, గొలుసులు వేలాడదీసో చేస్తారు. అత్ యెన్ని నగకు అలవాటుపడ్డ కంటికి మొదట వెలితిగా అనిపిస్తుంది, తర్వాత ఆ నిరాడంబరతే నచ్చుతుంది. ఎడారి అంచున మ్జాబ్ లోయలో ఇబాదీ మతశాఖకు చెందిన మొజాబీలున్నారు. వాళ్లదీ బెర్బర్ భాషే. వాళ్లు కట్టిన అయిదు ఊళ్లు 1982 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. అక్కడ ఘర్దాయాలో నగ పని ఎక్కువగా యూదులది. 1962లో స్వాతంత్ర్యం వచ్చే వేళకు వాళ్లు వలసపోయారు. మెట్ట మైదానాల్లో తమను అరబ్బు సంతతిగా చెప్పుకునే ఉలేద్ నాయిల్ స్త్రీలు నాణేలను కరిగించేవాళ్లు కాదు, అలాగే గుచ్చి తలకు, మెడకు పెట్టుకునేవాళ్లు.

అన్నిటికంటే దూరం సహారా ఎడారిలోని హొగ్గార్. మరో బెర్బర్ జనం తువారెగ్‌ల దేశం. అక్కడ లోహం పని ఒక ప్రత్యేక వర్గానిది, వాళ్లను ఇనాదెన్ అంటారు. ఇనాదెన్ లేకుండా తువారెగ్ బతుకు సాగదు. ఒంటె జీను, కత్తి, చక్కెర గడ్డ పగలగొట్టే సుత్తి, తాళం, ఆడవాళ్ల ముసుగు కొంగు జారకుండా వేలాడదీసే బరువు, అన్నీ వాళ్లే చెయ్యాలి. పెళ్లి మాటలకు మధ్యవర్తులూ వాళ్లే. అయినా దొరల వంశాలు వాళ్లతో వియ్యమందవు. నిప్పుతో పనిచేసేవాళ్లంటే కాస్త భయం కూడా. నగలను మైనంతో నమూనా చేసి, మట్టి కప్పి, మైనం కరిగిపోయిన ఖాళీలో వెండి పోస్తారు. మట్టి అచ్చును పగలగొట్టాల్సిందే కాబట్టి ఏ రెండూ ఒకటి కావు. ఆ తర్వాత ఉలితో చెక్కే గీతల్లో వాళ్ల చేతి నిబ్బరం తెలుస్తుంది. తమన్‌రాసెత్ దగ్గర అబలెస్సాలో 1925లో తవ్విన సమాధి ఉంది. అది తమ మూలపుటమ్మ తిన్ హినాన్‌ది అని తువారెగ్‌లు చెప్పుకుంటారు. అందులో దొరికిన స్త్రీ అస్థిపంజరం చేతులకు బంగారు, వెండి కడియాలున్నాయి. ఇప్పటి తువారెగ్ స్త్రీలు బంగారం కంటే వెండినే మెచ్చుతారు. అభిరుచి కూడా వంశపారంపర్యం కాదని ఆ కడియాలే చెబుతున్నాయి.

నాలుగున్నర కోట్లు దాటిన అల్జీరియా జనాభా లెక్కలు మనుషులను తెగలవారీగా విడదీసి చూపవు. బెర్బర్ భాష అయిన తమజిగ్త్‌కు 2002లో జాతీయ భాషగా, 2016లో అధికార భాషగా రాజ్యాంగంలో చోటు దక్కింది. వీధిలో అరబ్బీ మాట్లాడే చాలామంది పూర్వులు బెర్బర్ మాట్లాడినవాళ్లే. ఈ సంగతిని రాజకీయ నాయకులు ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

తబ్జిమ్త్ వాడకం గురించి ఒకటి చెప్పకపోతే అన్యాయం. కొడుకు పుడితే తల్లి దీన్ని నుదుట పెట్టుకునేది. కూతురు పుడితే నుదుటికి ఎక్కేది కాదు. అంత గొప్ప పనితనం అంత చిన్నబుద్ధి ఆచారానికి ఊడిగం చేసింది. నగను మెచ్చుకుంటూ ఆ మాట దాచడం నాకిష్టం లేదు.

ఇప్పుడు అత్ యెన్నిలో ఏటా నగల పండగ జరుగుతుంది. పగడం మాత్రం కష్టమైపోయింది. తరిగిపోతోందని 2001లో అల్జీరియా ప్రభుత్వం పగడపు వేటను నిషేధించింది. దొంగచాటు వేట ఆగలేదు, ధర కొండెక్కింది. చవక నగల్లో ప్లాస్టిక్ ముక్కలు పగడం వేషం కట్టాయి. బొగ్గుల కొలిమి పోయి విద్యుత్ కొలిమి వచ్చింది, కంటికి బదులు అంకె వేడిని చెబుతోంది. ఇందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు. అభ్యంతరమల్లా, కొనేవాళ్ల బట్టలకు నప్పాలని మూడు రంగుల పక్కన నాలుగోది, అయిదోది కలిపే కొత్త నగల మీద. రంగుల పొందిక చెడితే ఎంత సన్నని తీగ లాగినా దాన్ని కాపాడలేదు.