విత్తు నెరిగినవారి వృత్తి

మొక్కల వ్యాపారమనగానే తెలుగువారికి మొదట స్ఫురించునది కడియము. రాజమహేంద్రవరమునకు సమీపమున, గోదావరి కాలువల నీరు పారు నేలలలో, కడియము, కడియపులంక మొదలగు గ్రామములందు వేలాది జనులకు నర్సరీయే అన్నము పెట్టుచున్నది. అంటు కట్టువారు, సంచులలో మట్టి నింపువారు, వేరుచుట్టు మట్టిగడ్డ కట్టువారు, లారీల కెత్తువారు, ఇట్లెందరి చేతులమీదుగానో సాగి ప్రతి మొక్కయు నగరము చేరును. ఆ పనితనమునందు నాకు గల గౌరవ మపారము. అయినను, ఆ లారీల నెక్కి పోవువానిలో మన కొండవాలులందును చెరువుగట్లమీదను పుట్టిన జాతు లెన్ని యని చూచినపుడు కొంత చింత కలుగక మానదు.

నగరము కోరునది తక్షణ హరితము. విదేశీయ వృక్షమగు కోనోకార్పసు కొద్దికాలమునకే గుబురెక్కును, కత్తిరించినకొలది దట్టమగును. గుత్తేదారునకు అంతకంటె కావలసిన దేమున్నది? అది రహదారుల మధ్యను గృహసముదాయముల చుట్టును వ్యాపించిన పిమ్మట దాని పుప్పొడిని గూర్చిన ఆందోళనయు వ్యాపించినది. 2023లో గుజరాత్ ప్రభుత్వము దానిని నాటుటనే నిషేధించినది.

దేశవాళీ వృక్షములను పెంచుట వేరొక విద్య. రేలచెట్టు మూరెడు కాయలో గదులు గదులుగా నమరియున్న గింజ పెంకు మిక్కిలి కఠినము. వేడినీట నానవేయనిదే, లేదా పెంకును గీరనిదే, అది సులభముగ మొలకెత్తదు. వేపగింజ స్వభావ మిందుకు విరుద్ధము: రాలిన పండ్ల నేరి, గుజ్జు తీసి కడిగి, నీడపట్టున ఆరవైచి, కొలది వారములలో విత్తవలెను, జాగు చేసినచో దానియందలి జీవము నశించును. కడిమి గింజ మిక్కిలి సూక్ష్మమగుటచే, ఇసుకతో కలిపి చల్లి, కొట్టుకొని పోకుండ తుంపరగా తడుపవలెను. నారు సంచికి చేరిన తరువాతనైనను తీరిక లేదు. తల్లివేరు సంచి యడుగు చీల్చుకొని నేలకు దిగును. దిగి పాతుకొన్నదానిని పెరికినచో మొక్క దక్కుట కష్టము. అందుచేత నర్సరీవారు అప్పుడప్పుడు సంచులను కదలించి, వెలికి వచ్చిన వేళ్లను త్రుంచి, వేరొక వరుసలో పేర్చుదురు.

ఏ చెట్టు ఏ మాసమున పండునో, ఏ గట్టుమీది పొగడకు మేలైన గింజ కలదో ఎరిగినవారు పశువుల కాపరులు, అటవీ ఫలసాయము నేరుకొని బ్రతుకు గిరిజన స్త్రీలు. విదేశీయ జాతుల తల్లిమొక్కలను కొని తెచ్చుటకు ధనము కావలెను. రేల, కానుగ, నేరేడు విత్తులు ఊరి పొలిమేరలోనే రాలుచున్నవి. ధనము లేనివారు తమ యెరుకనే మూలధనముగ చేసికొని ప్రవేశింపగల వ్యాపార మిది యొక్కటి.

అయితే ఈ వ్యాపారమునకు శత్రువు కాలము. వీథి ప్రక్కను నిలువదగిన యెత్తునకు పెరుగుటకు అనేక జాతులకు రెండుమూడేండ్లు పట్టును. అంతవరకు నీరు, ఎరువు, కూలి ఎవరు భరింపవలెను? తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ననుసరించి గ్రామ గ్రామమున నర్సరీలు వెలసినవి. ఉపాధి హామీ పథకము వానికి కూలి చెల్లించినది. అది ఘనమైన యారంభమే. కాని స్త్రీల సంఘముల కది స్థిరమైన వృత్తి కావలెనన్నచో ప్రభుత్వపు కొనుగోలు మాత్రమే చాలదు. ఇండ్లు కట్టువారును, తోటల నమర్చువారును ముందుగా జాతులను పేర్కొని, పునాది త్రవ్వునాడే బయానా ఈయవలెను. భవనమును మూడేండ్లకుగాని పూర్తిచేయలేని మనము, వృక్షము మాత్రము గృహప్రవేశము నాటి యుదయముననే సిద్ధముగ దొరకవలెనని కోరుట న్యాయమా? సిమెంటునకు ముందుగా సొమ్ము చెల్లించువారు విత్తునకు చెల్లించుటకేల సంకోచింపవలెను?