సీరియల్ వెనక పేజీ

పాత పేపర్లవాడి కేక వీధిలో వినబడితే చాలు, తాగిన మంచినీళ్ళ గ్లాసు కూడా తీసి పక్కన పెట్టని మగమహారాజుకి ఇల్లు సర్దాలనే బుద్ధి పుడుతుంది. నేరుగా అటక మీదికి చెయ్యి వెళుతుంది. ఆయన పాత రేడియో, చక్రం ఊడిన సైకిలు అటక మీద క్షేమంగానే ఉంటాయి. తూకానికి వెళ్ళేవి మాత్రం మన వారపత్రికలు. "చదివేసినవేగా!" అంటారు. చదివేసినది ఎందుకు దాచాలో ఒప్పించటం మనకి ఎప్పుడూ కష్టమే. ఈమధ్య ఇంట్లో పిల్లలు ఒక మధ్యేమార్గం చెబుతున్నారు. "స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టేస్తే పోలా?" అని. పెట్టొచ్చు. పెడుతున్నారు కూడా. అలా పెట్టినవాటిని రెండేళ్ళుగా వెతుక్కుని చదువుతున్నదాన్ని గనక, వాటి బాగోగులు నాలుగు మాటల్లో చెబుదామని కూర్చున్నాను. కథలకీ నవలలకీ విమర్శ ఉన్నప్పుడు వాటిని దాచే పద్ధతికి మాత్రం ఎందుకుండకూడదు?

పాత పత్రికల మీద ఈ మమకారం మనొక్కళ్ళదే అనుకోకండి. అమెరికాలో కంప్యూటర్ ఆటల పత్రికలకి కూడా ఇదే సేవ జరుగుతోంది. కళ్ళు పోతాయిరా అని మొత్తుకున్నా వినకుండా మన పిల్లలు ఆడతారే, ఆ ఆటలకే! ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’ అనే పత్రిక 1981లో మొదలై 2006 దాకా నడిచింది. అలాంటివాటిని వెతికి దాచడానికి 2017లో ‘వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్’ అని ఒక సంస్థే వెలిసింది. 2025 జనవరిలో వాళ్ళ గ్రంథాలయాన్ని ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చూసుకునేలా కంప్యూటర్లో తెరిచారు. ఆగిపోయిన ఆటల పత్రికలవి 1,500కి పైగా సంచికలున్నాయి అందులో. ఏ మాట కావాలన్నా టైపు చేస్తే, ఆ మాట ఉన్న పేజీ ముందుకొచ్చి నిలబడుతుంది.

ఆటలు దాచుకుంటే సరిపోదా, ఆటల పత్రికలెందుకూ అని మీరడగవచ్చు. 2023లో ఆ సంస్థవాళ్ళే ఒక లెక్క తీశారు. 2010కి ముందు అమెరికాలో వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు బజారులో కొందామంటే దొరకవట. ఆట దొరక్కపోయినా, దాన్ని ఎవరు తయారుచేశారో, ఎంతకి అమ్మారో, కొన్నవాళ్ళు మెచ్చుకున్నారో తిట్టుకున్నారో పత్రిక చెబుతుంది. వెల ప్రకటనలో ఉంటుంది. తిట్లు పాఠకుల ఉత్తరాల్లో ఉంటాయి. ఆ రెండు పేజీలూ చింపేసి మిగతాది దాస్తే సగం చరిత్ర పోయినట్టే. ఈ ముక్క గుర్తుంచుకోండి, మన పత్రికల దగ్గర దీంతో పని పడుతుంది.

ఇక మన సంగతి. మా వైపు మొదట చెప్పుకోవలసింది కృష్ణాపత్రికని. చల్లపల్లిలో బస్సెక్కితే ఎంతో దూరం లేని బందరులో 1902లో పుట్టింది. ముట్నూరి కృష్ణారావుగారు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దాని సంపాదకులు. ఆ కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక, భారతి పాత సంచికల్ని ప్రెస్ అకాడమీవారు స్కాన్ చేయించారు. మరోపక్క రాజ్ రెడ్డిగారి పది లక్షల పుస్తకాల పథకం, మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో, 2000 తర్వాతి సంవత్సరాల్లో వేలకొద్దీ తెలుగు పుస్తకాల్ని బీరువాల్లోంచి బయటికి తెచ్చింది. 1947 జూలైలో మొదలైన చందమామనయితే అభిమానులు సంచిక సంచికగా పోగుచేసి దాచుకున్నారు. జీతంకోసం చేసినా ఇష్టంకోసం చేసినా, ఈ పని చేసినవాళ్ళందరికీ ముందు ఒక దణ్ణం.

దణ్ణం పెట్టాక దోషాలు చెప్పొచ్చు. మొదటిది రంగు. చాలావాటిని ఉత్త నలుపు తెలుపుల్లో తీశారు. అక్షరం వరకూ ఫరవాలేదు గాని బొమ్మ దగ్గరికొచ్చేసరికి సిరా ఒలికినట్టుంటుంది. వడ్డాది పాపయ్యగారి బొమ్మలో చీర రంగు నచ్చి, ఆ పత్రిక చంకన పెట్టుకుని బట్టలకొట్టుకి వెళ్ళినవాళ్ళని నేనెరుగుదును. నలుపు తెలుపుల్లో ఆ చీరా లేదు, ఆ అంచూ లేదు.

రెండోది చుక్కల లెక్క. ముగ్గు వేసేవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. నాలుగు చుక్కలతో రథం ముగ్గు రాదు. స్కానరు కూడా పేజీని చుక్కలుగానే చూస్తుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున పెడితే చదరపు అంగుళంలో 90,000 పడతాయి. ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా కనబడతాయి. 100 చొప్పున సరిపెడితే 10,000 మాత్రమే పడతాయి. ‘ప’ ఏదో ‘ష’ ఏదో కళ్ళు చికిలించుకుని ఊహించుకోవాలి.

మూడోది పేరు. తెలుగు పుస్తకాల పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో, తోచిన స్పెల్లింగుతో పట్టికలో ఎక్కించారు. పుస్తకం అక్కడే ఉంటుంది, వెతికితే దొరకదు. వంటింట్లో డబ్బాలన్నిటికీ తప్పు చీటీలు అంటించినట్టు! నాలుగోది, పేజీ ఉత్త ఫొటోగా ఉండిపోవటం. ఆటల పత్రికల్లో మాట టైపు చేస్తే పేజీ వస్తుందన్నానే, అది ఫొటోలోని అక్షరాల్ని యంత్రం చదివి పెట్టుకోవటం వల్ల. తెలుగు చదివే యంత్రాలూ వచ్చాయిగాని, అరిగిన సీసపు టైపులో అచ్చయిన ఒత్తు దగ్గర అవి ఇంకా తడబడుతున్నాయి. వికీసోర్సులో కొందరు ఓపికమంతులు ఆ తడబాట్లని పేజీ పేజీ కూర్చుని దిద్దుతున్నారు.

ఈ నాలుగూ యంత్రం తాలూకు లోపాలు. రేపు ఇంకా మంచి యంత్రం వస్తే సర్దుకుంటాయి. నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. పాత వారపత్రిక చేతికొస్తే కొందరు అందులో నవల చూసి తీస్తారు, కథ చూసి తీస్తారు, పెద్ద రచయిత వ్యాసం ఉంటే తీస్తారు. ఉత్తరాలు, ప్రశ్నలూ జవాబులూ, వంటల పేజీ, స్వెట్టరు అల్లిక నమూనా, ప్రకటనలు, ఇవి పొట్టు కింద చెరిగి పారేస్తారు. ఆలోచించి చూడండి. నవల బాగుంటే ఎలాగూ పుస్తకంగా వస్తుంది, మళ్ళీ మళ్ళీ అచ్చవుతుంది. ఉత్తరం రెండోసారి ఎక్కడా అచ్చవదు. మాలతీ చందూర్‌గారు ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాలపాటు ‘ప్రమదావనం’ నడిపారు. ఆవిడ నవలలు గ్రంథాలయాల్లో దొరుకుతాయి. ఆవిడకి ఉత్తరం రాసి, జవాబుకోసం వారాల తరబడి ఎదురుచూసిన ఆడవాళ్ళ ప్రశ్నలు ఆ వారం కాగితం మీద తప్ప ఎక్కడున్నాయి?

ఇలా ఏరుకోవటం స్కానరుతో మొదలైందేమీ కాదు. మా చల్లపల్లికి దగ్గర్లోని కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణిగారి సీరియల్ వస్తోందంటే, ఆ రోజుల్లో పత్రిక ఇంట్లో ఎవరి చేతికి ముందు చిక్కుతుందా అని పోటీ. అందరూ చదివాక ఆ పేజీలు జాగ్రత్తగా విడదీసి, దబ్బనంతో కుట్టి, మైదా ఉడికించిన జిగురుతో పాతచీర ముక్క అంటించి, పైన కాలెండరు అట్ట వేసేవారు. మన అమ్మలూ పిన్నులూ అలా కుట్టిన బైండ్లే ఈ దేశంలో మొదటి సీరియల్ గ్రంథాలయాలు. మిగిలిన పత్రిక ఏమైంది? బజ్జీల పొట్లమైంది.

పోయిన వేసవిలో మా పిన్ని కుట్టిన అలాంటి బైండు ఒకటి మా మేనకోడలు ఫోనుతో తీస్తోంది. 1974 నాటి సీరియల్.

"అత్తయ్యా, కథ ఉన్న వైపు వరకూ తీసేస్తాను. వెనకవైపు ఏవో సబ్బులూ, జవాబులూ ఉన్నాయి. అవెందుకు?" అంది.

"సబ్బు కూడా తియ్యమ్మా. దాని మీద ధర వేసుంటుంది."

"ధర ఏం చేసుకుంటాం?"

"మీ అమ్మమ్మ నెల ఖర్చెంతో తెలుస్తుంది" అన్నాను. నవ్వింది గాని తీసింది.

అలా తీసిన ఒక పేజీ వెనక ఆ పత్రిక ప్రశ్నల శీర్షిక కనిపించింది. అడిగినావిడ పేరు లేదు, ‘దివి తాలూకా నుంచి ఒక సోదరి’ అని ఉంది. చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక అన్నీ అప్పటి దివి తాలూకాయే. పెళ్ళయి మూడేళ్ళయిందట. మెట్రిక్ తప్పిందట. మళ్ళీ పరీక్షకి కట్టాలని ఉందంటే అత్తవారింట్లో అందరూ నవ్వుతున్నారట. నవ్వులపాలు కావటం ఎందుకు, మానేస్తే మంచిదేమో చెప్పండి అని అడిగింది. కింద జవాబు రెండు వరసలు నడిచి, ‘తరువాయి 41వ పేజీలో’ అని ఆగిపోయింది. 41వ పేజీలో సీరియల్ లేదు. కనక పిన్ని దాన్ని దాచలేదు.

ఆ జవాబు కోసం నేను పడిన పాట్లు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నాలుగు నెలలకి ఒక గ్రంథాలయంవారి స్కానుల్లో ఆ వారం సంచిక దొరికింది. తమాషా చూడండి, అందులో సీరియల్ ఉన్న కాగితాలన్నీ ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. వాటితోపాటు ఆ సోదరి ప్రశ్నా పోయింది. 41వ పేజీ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. అక్కడ ప్రశ్న లేని జవాబు ఉంది, మా ఇంట్లో జవాబు లేని ప్రశ్న ఉంది. రెండూ పక్కపక్కన పెడితే అతికాయి. ముందు ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఎప్పుడో కనుక్కోమనీ, నవ్వేవాళ్ళ సంగతి ఫలితాలొచ్చాక చూసుకోవచ్చుననీ ఆ జవాబు సారాంశం.

ఆ తర్వాత మూడేళ్ళకి, 1977 నవంబరు 19న, దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. పల్లెలకి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ సోదరి పరీక్ష రాసిందో లేదో, అసలు ఆ రాత్రి దాటిందో లేదో నాకు తెలిసే దారి లేదు. మనుషులే కొట్టుకుపోయిన చోట కాగితాల లెక్క ఎవరడుగుతారు? అయినా, ఆవిడ చదువుకోవాలనుకుందనడానికి మిగిలిన సాక్ష్యం, ఎవరిదో ప్రేమకథకి వెనకవైపు పడిన ఆ నాలుగు వరసలే. మేనకోడలు ఆ వైపు తియ్యకుండా వదిలేసి, బైండు తూకానికి వెళ్ళిపోయి ఉంటే అదీ ఉండేది కాదు.

ఉప్పెన అక్కర్లేదు, ఊరికే ఉంచినా ఆ కాగితం నిలవదు. న్యూస్‌ప్రింటు చెక్కని అరగదీసిన గుజ్జుతో చేస్తారు. చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం అందులో ఉండిపోయి, వెలుతురూ గాలీ తగిలేకొద్దీ పసుపు రంగు తేలుతుంది. ఆమ్లం పుట్టి కాగితం అప్పడంలా పెళుసెక్కుతుంది. మా డెల్టా చెమ్మలో చెదలకి అది పండగ భోజనం. 1970ల నాటి పత్రికలు ఇప్పుడు మడత పెడితే విరుగుతున్నాయి. ఇంకో ఇరవై ఏళ్ళు ఆగి చూద్దామంటే చూడటానికేమీ ఉండదు.

స్కాన్ చేసి ఒక్కచోట పెట్టేసి చేతులు దులుపుకున్నా ప్రమాదమే. చందమామ కంపెనీవారు పాత సంచికల్ని తమ సైటులోనే పెట్టిన రోజులున్నాయి. పత్రికా ఆగింది, తర్వాత ఆ సైటూ పోయింది. డిజిటల్ లైబ్రరీ సైటు కూడా మూతపడింది. అందులోని పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇంకో ప్రతి ఉండబట్టి దక్కాయి. ఆవకాయ ఒకే జాడీలో పెట్టి, ఆ జాడీకి బూజు పడితే ఏడాదంతా ఏం చేస్తాం?

హక్కుల సంగతి కూడా చెప్పాలి. రచయిత పోయాక మరో 60 ఏళ్ళు రచన మీద హక్కు వారసులదే. సులోచనారాణిగారు 2018లో పోయారు, అంటే ఆవిడ నవలల మీద హక్కు 2078 దాకా ఉంటుంది. కనక ఇంట్లో ప్రతి దాచుకోవటం వేరు, ఊరంతటికీ పంచిపెట్టడం వేరు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయాలు తమ దగ్గరున్న పుస్తకానికి భద్రతకోసం కంప్యూటరు ప్రతి తీసి ఉంచుకోవటానికి 2012లో చట్టం సవరించి వీలు కల్పించారు. మన ఊళ్ళ గ్రంథాలయాలు ఆ వీలుని ఎంతవరకు వాడుకుంటున్నాయో మీరు ఈసారి వెళ్ళినప్పుడు అడగండి.

అన్నట్టు, పని పెద్దదేం కాదు. కుట్టు విప్పకండి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట పరిచి, ఫ్లాషు వెయ్యకుండా, రంగుల్లోనే తీయండి. మొదట అట్ట, తేదీ ఉన్న పేజీ తీయండి. తేదీ లేని పేజీ ఇంటిపేరు లేని ఉత్తరం లాంటిది. రెండువైపులా తీయండి. ఫైలుకి తెలుగులోనే పేరు పెట్టండి. రెండుచోట్ల దాచండి. మీ బైండులో సగం ప్రశ్న ఉంటే దాని జవాబు గుడివాడలో ఎవరింట్లోనో ఉండవచ్చు, హైదరాబాదులో ఏ గ్రంథాలయం బీరువాలోనో ఉండవచ్చు. చిరిగిపోయింది గదా, ఎందుకు పనికొస్తుందని మాత్రం అనుకోకండి.

దివి తాలూకా సోదరి పేరు ఎప్పటికీ తెలియదు. ఆవిడ ప్రశ్నా, దానికి వచ్చిన జవాబూ ఇప్పుడు మా ఇంట్లో ఒకచోటా, మేనకోడలి దగ్గర ఒకచోటా కలిసి ఉన్నాయి. మీ అమ్మగారు కుట్టిన సీరియల్ ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది. కథ మీకు తెలిసిందే. ఒకసారి వెనకవైపు తిప్పి చూడండి.