ఆల్బర్టు పాఠము, పీటరు పాఠము

పిల్లల భయములను గూర్చిన ప్రకరణము వచ్చినప్పుడెల్ల మనశ్శాస్త్ర పాఠ్యగ్రంథములలో ఒక పసివాడు కనబడును. అతనికి గ్రంథములలో నిలిచిన పేరు ఆల్బర్టు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ వాట్సన్, రోసలీ రేనర్ అనువారు అతనిపై చేసిన ప్రయోగమును 1920లో ప్రకటించిరి. తెల్ల ఎలుకను చూచి బెదరని పదకొండు నెలల శిశువు దానిని తాకబోగా, వెనుకనుండి ఉక్కుకడ్డీని సుత్తితో మోదిరి. ఇట్లు ఏడుసార్లు జరిగిన పిదప ఎలుక ఒక్కటే కంటబడినను శిశువు ఏడ్చి దూరముగా ప్రాకిపోజొచ్చెను. భయము నేర్చుకొనబడునని దీనివలన తేలినదని గ్రంథములు చెప్పును.

కథ చక్కగా నున్నది. మూలవ్యాసము అంత చక్కగా లేదు. ప్రయోగమునకు లోనైనది ఒకే శిశువు. భయమును కొలుచుటకు పరిశీలకుల కన్నులు తప్ప వేరు సాధనము లేదు. ఎలుకపై కలిగిన భయము కుందేలునకు, కుక్కకు వ్యాపించినదందురు; కాని నడుమ ఒకనాడు కుందేలును, కుక్కను చూపునప్పుడు కూడ కడ్డీని మ్రోగించిరి. అటు పిమ్మట భయము దానంతట అది వ్యాపించినదనుట ఎట్లు? నోటిలో బొటనవ్రేలు పెట్టుకొన్నంతసేపు శిశువు బెదరలేదనియు, ఆ వ్రేలిని పలుమారు తీయవలసివచ్చినదనియు రచయితలే వ్రాసిరి. ఇది పాఠ్యగ్రంథములలో అరుదుగా కనబడును. కొన్ని గ్రంథములు ఆల్బర్టు భయమును తుదకు పోగొట్టినట్లు కూడ వ్రాసినవని 1979లో బెన్ హారిస్ బయటపెట్టెను. నిజమునకు ఆ ప్రయత్నమే జరుగలేదు. శిశువు ఆసుపత్రి విడిచిపోయెను. నేడైనచో ఇట్టి ప్రయోగమునకు అనుమతియే దొరకదు.

భయము పోయిన కథ వేరొకటి కలదు. ఉపాధ్యాయునకు పనికివచ్చునది అదియే. న్యూయార్కులో పరిశోధన చేయుచున్న మేరీ కవర్ జోన్స్ 1924లో దానిని ప్రకటించెను. పీటరు అను బాలునకు అప్పటికి రెండేండ్ల పది నెలలు. ఎలుక, బొచ్చుకోటు, ఈక, దూది అన్నియు భయమే. కుందేలన్న మరింత భయము. జోన్స్ అతనిని బలవంతముగా కుందేలు ముందుకు నెట్టలేదు. కుందేలును దాచివేయనూ లేదు. భయమెరుగని ముగ్గురు పిల్లలతో ఆటలాడనిచ్చి, ఆ ఆటల నడుమ కుందేలును తెచ్చుచుండెను. పంజరములోని కుందేలు గదిలో ఎక్కడ నున్నను బెదరుట మొదలు, అది తన వ్రేళ్ళను కొరుకుచున్నను ఊరకుండుట వరకు బాలుని ప్రగతిని పదునేడు మెట్లుగా గుర్తించెను.

నడుమ పీటరుకు జబ్బుచేసి రెండు నెలలు ఆసుపత్రిలో ఉండెను. తిరిగివచ్చునపుడు పెద్ద కుక్క యొకటి మీదికి దూకగా సంపాదించినదంతయు పోయెను. జోన్స్ ఈ ఓటమిని దాచలేదు. బాలునకు ఇష్టమైన తినుబండారము పెట్టి, అతడు తినుట మానని దూరములో కుందేలునుంచి, దినదినము కొంచెము దగ్గరకు జరుపుచు మరల మొదలుపెట్టెను.

అదే సంవత్సరము ఆమె ప్రకటించిన మరొక వ్యాసము పాఠశాలకు ఇంకను దగ్గరిది. భయపెట్టు వస్తువును కంటబడనీయకుండుట, మాటలతో నచ్చజెప్పుట, తోటివారిచే ఎగతాళి చేయించుట మొదలగు పద్ధతులను ఆమె పోల్చి చూచెను. నిలకడగా ఫలించినవి రెండే: ఇష్టమైనదానితో జతపరచి క్రమముగా దగ్గరచేయుట, భయములేని తోటిపిల్లలను చూచి నేర్చుకొననిచ్చుట. తరగతిలో నిలబడి పద్యము అప్పగించుటకు వణకు బాలికకు సాధారణముగా దొరకునవి నచ్చజెప్పుట, నవ్వుట, లేదా "నీవు కూర్చో అమ్మా" అని విడిచిపెట్టుట. కడపటిది దయగా తోచును. కాని తప్పించుకొన్న క్షణమున కలుగు ఊరటయే మరునాడు కూడ తప్పించుకొనుటను నేర్పును. మొదట ఒక స్నేహితురాలి ముందు, పిదప నలుగురి ముందు అప్పగింపజేసినచో పీటరు మెట్లు ఆమెకును లభించును.

జోన్స్ రచనలోను లోపములు కలవు. పీటరును ఏది బాగుచేసెను, తోటిపిల్లలా, తిండియా? రెండును కలిసిపోయినందున తేల్చలేము. భయము ఎట్లు పుట్టినదో ఆమెకు తెలియదు. కుందేటి భయమును, నెలల తరబడి నిద్రను, బడిని, స్నేహములను చెరచు ఆందోళన రుగ్మతను ఒకే గాటకట్టుటయు తగదు. అట్టివారికి వైద్యుని సాయము కావలెను. 2008లో అమెరికాలో 7 మొదలు 17 ఏండ్ల వయస్సు గల 488 మందిపై జరిగిన పరీక్షలో, భయమునకు మెట్లుమెట్లుగా ఎదురు నిలుపు మానసిక చికిత్సవలన సుమారు 60 శాతము మంది పన్నెండు వారములలో బాగుగా మెరుగైరి. సెర్ట్రలీన్ అను మందుచే 55 శాతము, రెండును కలిపి ఇచ్చినపుడు 81 శాతము, ఉత్తుత్తి మాత్రవలన 24 శాతము. మనదేశమున 2022 నుండి టెలిమానస్ అను ప్రభుత్వ సేవ 14416 సంఖ్యపై ఉచితముగా సలహా నిచ్చుచున్నది.

జోన్స్ వ్యాసము చివర ఒక చిన్న విషయము కలదు. పీటరు తిరిగి వెళ్ళిన ఇంటిలో, బాలుని అదుపులో నుంచుటకు తల్లి ఎవరో ఎత్తుకొనిపోవుదురని బెదరించుచుండెడిదట. బూచివాని పేరు చెప్పి అన్నము తినిపించు ఇండ్లు ఆంధ్ర, తెలంగాణములలోను తక్కువ కావు. ఆ బిడ్డలే మరునాడు బడికి వత్తురు.