బాతుగారి సంసారం

"ఈ వయసులో నీకీ బాతుల బొమ్మలేమిటి?" అని మావారు ఇప్పటికి ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదు. పొయ్యిమీద పప్పు పెట్టి, కుక్కరు కూత వేసేలోగా నాలుగు పేజీలు తిరగెయ్యటానికి డొనాల్డ్ డక్‌ని మించిన నేస్తం నాకు దొరకలేదంటే ఆయన నమ్మరు. మీరైనా నమ్మండి.

ఈ పిచ్చి నాకు మా అబ్బాయి మూలంగా అంటుకుంది. చిన్నప్పుడు వాడు ఆదివారాలు ఆబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల్లోంచి అట్టలూడిన కామిక్స్ ఏరుకొచ్చేవాడు. ఇంగ్లీషు మాటలకి అర్థం చెప్పమని నా ప్రాణం తీసేవాడు. వాడు పెద్దవాడై వాటిని వదిలేశాడు. నేను వదల్లేదు.

ముందు మిక్కీ మౌస్ సంగతి చెప్పేస్తాను, పెద్దవాడు కనక. ఆయన పేరు మోగింది 1928లో. డొనాల్డ్ వచ్చింది 1934లో. పత్రికల్లో రోజూ వచ్చే మిక్కీ బొమ్మల కథని 1930 నుంచి 1975 దాకా ఫ్లాయిడ్ గాట్‌ఫ్రెడ్‌సన్ అనే ఆయన గీశాడు. ఆ తొలినాళ్ళ మిక్కీని చూస్తే మీరు గుర్తుపట్టరు. దొంగల వెంట పడతాడు, పత్రిక నడుపుతాడు, రౌడీలతో కలియబడి దెబ్బలు తింటాడు. పోనుపోను ఆయన ముఖమే కంపెనీకి ముద్ర అయి కూచుంది. ముద్రకి కోపం రాకూడదు కదా! 1955 నుంచి ఆ సాహసాల ధారావాహికలు కూడా ఆగిపోయి రోజుకొక జోకుతో సరిపెట్టారు. ఇప్పుడాయన పెళ్ళిచూపుల్లో కూచున్న పెళ్ళికొడుకులా ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటాడు. గౌరవం ఉంది గాని, వంటింట్లోకి పిలిచి కబుర్లు చెప్పాలనిపించదు.

డొనాల్డ్ అలా కాదు. ఉద్యోగం నిలవదు. పక్కింటి జోన్స్‌తో నిత్యం తగాదా. గ్లాడ్‌స్టోన్ అని ఒక బంధువున్నాడు, 1948లో దిగాడు. పని చెయ్యడు, వీధిలో నడుస్తూంటే చాలు, అదృష్టం వచ్చి కాళ్ళమీద పడుతుంది. అటువంటి చుట్టం మీ ఇంట్లోనూ ఒకరుండే ఉంటారు. ఇవన్నీ భరిస్తూ ఈ పెళ్ళికాని బాతు హ్యూయీ, డ్యూయీ, లూయీ అనే ముగ్గురు మేనల్లుళ్ళని పెంచుతున్నాడు. బిల్లులు కట్టాలి, పిల్లల్ని బడికి పంపాలి, కోపం వచ్చినా సాయంత్రానికి అన్నం పెట్టాలి. సంసారమంటే ఇదే గదా!

ఈ బాతుని ఇలా సంసారిగా తీర్చిన మనిషి కార్ల్ బార్క్స్. డిస్నీ స్టూడియో ఉద్యోగం వదిలి కోళ్ళ ఫారం పెట్టుకుందామని బయటికొచ్చి, 1942 నుంచి 1966 దాకా బాతు కథలు వ్రాస్తూ గీస్తూ గడిపాడు. పుస్తకం మీద డిస్నీ పేరే తప్ప ఈయన పేరుండేది కాదు. అయినా పాఠకులు పోల్చుకున్నారు. ఆ చెయ్యెవరిదో తెలియక 'మంచి బాతుల చిత్రకారుడు' అని పిలుచుకున్నారు. గిన్నె మూత తియ్యగానే ఇది పెద్దకోడలు పెట్టిన చారు, ఇది చిన్నకోడలు పెట్టింది అని మనం చెప్పెయ్యమూ, అలాగన్నమాట.

కోళ్ళ ఆశ వృథా పోలేదు. 1949లో వచ్చిన ఆండీస్ కొండల కథ చదవండి. మ్యూజియంలో దుమ్ము దులిపే డొనాల్డ్ చేతిలోంచి ఒక చదరపు రాయి జారి పగుల్తుంది. చూస్తే అది గుడ్డు! చదరపు గుడ్డు పెట్టే కోడికోసం కొండలు పట్టి పోతాడు, ప్రాణాలమీదికి తెచ్చుకుంటాడు, ఆఖరికి రెండు చదరపు కోళ్ళని సంపాదించి ఇంటికి తెస్తాడు. రెండూ పుంజులే. నవ్వి నవ్వి నా పప్పు మాడింది ఆ రోజు.

ఇంక మేనమామ స్క్రూజ్. ఇంగ్లీషువాళ్ళకి అందరూ 'అంకుల్సే' గాని, ఈయన డొనాల్డ్‌కి తల్లివైపు మామ. 1947లో పుట్టించారు. గాదెలో వడ్ల బదులు డబ్బు పోసుకుని అందులో ఈదే పీనాసి. 1954 కథ ఒకటుంది. అందరూ డబ్బు అడిగి అడిగి ఈయన నరాలు దెబ్బతింటాయి. డబ్బంటే ఏమిటో తెలియని హిమాలయాల లోయలోకి పారిపోతాడు. అక్కడ తన మందు సీసా మూత ఒకటి పారేస్తాడు. అంతే! అటువంటిది ఆ లోయలో ఇంకొకటి లేదు కనక అదే ధనమై కూచుంటుంది. బేరాలు, అసూయలు, దాచుకోవటాలు మొదలు. విరుగుడుగా విమానంలో కోట్ల కొద్దీ మూతలు కురిపిస్తే పచ్చని వరిపొలాలు మూతల కింద మునిగిపోతాయి. ధరలు ఎందుకు పెరుగుతాయో అర్థశాస్త్రం చదివిన మా తమ్ముడు నాకు చెప్పలేకపోయాడు, ఈ బాతు చెప్పింది. అయితే ఒక మాట. దూరదేశాలవాళ్ళని ఒట్టి అమాయకులుగా, ఒకే మూసలో గీసే ఆనాటి అలవాటు బార్క్స్‌నీ వదల్లేదు. ఆ పేజీలు ఇప్పుడు నాకు మింగుడుపడవు.

ఇంకొక లోటు మాత్రం ముప్ఫయ్యేళ్ళు చదివినా నాకు తట్టలేదు. మా మనవరాలికి తట్టింది. అబ్బాయీ కోడలూ ఉద్యోగాల మూలంగా పూనాలో ఉన్నారు. పిల్ల ఏడాదిగా మా దగ్గరుంటోంది. మొన్న నా పక్కన పడుకుని బొమ్మలు చూస్తూ, "వీళ్ళమ్మ ఏదీ, బామ్మా?" అంది.

నిజమే, ఏదీ? 1937లో పత్రికలో వచ్చిన బొమ్మల్లో వీళ్ళమ్మ ఉత్తరం ఒక్కటే వచ్చింది. పిల్లలు తండ్రి కుర్చీ కింద టపాకాయ పేల్చారట, ఆయన ఆస్పత్రి పాలయ్యాడట. కొన్నాళ్ళు చూసుకోమని పంపింది. ఆ కొన్నాళ్ళూ దశాబ్దాలయ్యాయి. 1987లో మొదలై మనకి తర్వాత దూరదర్శన్‌లో హిందీలో వచ్చిన టీవీ కథల్లో అయితే డొనాల్డ్ కూడా నౌకాదళంలో చేరి, పిల్లల్ని స్క్రూజ్ చేతిలో పెట్టాడు. ఇల్లు మారింది గాని, అమ్మ ఊసు లేదు. బాతుల లోకంలో ప్రేయసులున్నారు, పొలం చూసుకునే బామ్మ బాతు ఉంది, 1961లో వచ్చిన మంత్రగత్తె మాజికా ఉంది. ఆ చివరి ఇద్దరంటే నాకు మహా ఇష్టం, పని ఉన్న ఆడవాళ్ళు కనక. అమ్మలకి మాత్రం చోటు దొరకలేదు.

బొమ్మల వెనకాల కూడా ఇదే వరస. బార్క్స్ భార్య గేరే తానూ చిత్రకారిణే. భర్త కథల్లో బాతుల మాటల అక్షరాలు దిద్దటంలో, నలుపు నింపటంలో ఆవిడ చెయ్యుంది. బార్క్స్ పేరు కాలక్రమాన లోకానికి తెలిసింది, తొంభై తొమ్మిదేళ్ళు బతికి 2000లో పోయేనాటికి ప్రపంచమంతా అభిమానులే. గేరే పేరు ఎందరికి తెలుసు?

అమ్మ జాడ ఎట్టకేలకు తెలిసింది. 2017లో మళ్ళీ తీసిన టీవీ కథల్లో డెల్లా అనే ఆ తల్లి 2018లో కనిపించింది. పిల్లలింకా గుడ్లలో ఉండగానే రాకెట్టెక్కి వెళ్ళి చంద్రమండలంలో చిక్కుకుపోయిందట. తల్లిని దోషిగా నిలబెడతారేమోనని భయపడుతూ చూశాను. అలా చెయ్యలేదు. పిల్లలమీద ప్రేమా ఉంది, ఆకాశంమీద మోజూ ఉంది, రెండూ అబద్ధం కాదన్నట్టు తీశారు. 

ఇదంతా మా పిల్లకి నా భాషలో చెప్పాను. బుద్ధిగా విని, "మరి అక్కడ అన్నం ఎవరు పెట్టారు?" అంది. ఊపిరాడటానికి ఒక రకం బబుల్‌గమ్ నమిలేదన్నాను. ఆ జవాబు దానికి నచ్చలేదు.

"మళ్ళీ వచ్చిందా?"

"వచ్చింది."

"ఎన్నాళ్ళకి?"

ఆ టీవీ కథలో సుమారు పదేళ్ళు పట్టింది. ఆ లెక్క దానికి చెప్పలేదు. ఫోను తీసి పూనా కలిపి చేతికిచ్చాను.