ట్యాబుల బోధనలో అభ్యసన సిద్ధాంతం: నంద్యాల, ఆళ్లగడ్డల నేపథ్యం

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు బైజూస్ పాఠ్యాంశాలతో కూడిన ట్యాబుల పంపిణీని ప్రారంభించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లా పాఠశాలలూ అందులో భాగమే. పరికరం ఎంపికలో ప్రధానోపాధ్యాయుల ప్రమేయం లేదు. ఏ పాఠానికి, ఎంతసేపు తెరిపించాలన్నది మాత్రం వారి పరిధిలోనిదే. విమర్శ పరిశీలించవలసింది ఈ రెండో నిర్ణయాన్ని.

దృశ్యపాఠం చూపి, ప్రశ్న అడిగి, వెంటనే తప్పొప్పులు తేల్చే పద్ధతికి మూలం స్కిన్నర్ 1958లో వివరించిన బోధనాయంత్రంలో ఉంది. అయితే స్కిన్నర్ బహుళైచ్ఛిక ప్రశ్నలను ఇష్టపడలేదు. విద్యార్థి సమాధానాన్ని తానే కూర్చాలన్నాడు. నేటి తెరలు ఆ షరతునే సులువుగా వదిలేశాయి.

ఆళ్లగడ్డ శిల్పుల పనితీరు వేరు. అక్కడ రాయి ముందు కూర్చున్నవాని చేతిని చూసి పెద్దలు సరిదిద్దుతారు. లేవ్, వెంగర్ 1991లో సిద్ధాంతీకరించిన భాగస్వామ్య అభ్యసనం ఇదే. వైగోట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలమూ ఇటువంటి తోడునే కోరుతుంది.

గుండె పనితీరును కదిలే బొమ్మగా చూపడంలో ట్యాబు నల్లబల్లను మించుతుంది, సందేహం లేదు. భిన్నాల లెక్కలో పిల్లవాడు ఏ మెట్టు దగ్గర తడబడ్డాడో తెలియాలంటే ఉపాధ్యాయుడు వాని నోటుపుస్తకం పక్కన కూర్చోవాలి. ఆ పీరియడును కాలనిర్ణయ పట్టికలో మిగల్చవలసింది ప్రధానోపాధ్యాయులే.