బావ వ్యవసాయం చేస్తాడు

మన పాత నవలల్లో ప్రేమకథ అబ్బాయీ అమ్మాయీ ఎదురుపడ్డ రోజున మొదలవదు. వాళ్ల పెద్దవాళ్లు మాటామాటా అనుకుని రాకపోకలు మానేసిన నాడే మొదలైపోతుంది. యద్దనపూడి సులోచనారాణి 'మీనా'నే తీసుకోండి. తల్లి డబ్బున్న మనిషి, ఇంట్లో ఆవిడ చెప్పిందే వేదం. భర్త తరఫు పల్లెటూరి చుట్టాలంటే చిన్నచూపు. కూతురు సరిగ్గా వాళ్లింటికే వెళ్లి, వ్యవసాయం చేసుకునే బావను చూస్తుంది. కృష్ణా జిల్లా కాజలో పుట్టి హైదరాబాద్‌లో కాపురమున్న రచయిత్రికి ఆ రెండిళ్లూ తెలుసు. విజయనిర్మల 1973లో దాన్ని సినిమాగా తీశారు. 2016లో అదే కథతో వచ్చిన 'అ ఆ' సినిమా చూస్తూ మా ఇంట్లో ఆడవాళ్లు ఇంటర్వెల్‌కే మిగతా కథ చెప్పేశారు.

అమెరికాలో పశువుల రాంచ్‌ల చుట్టూ ఇలాంటివి బోలెడు. నోరా రాబర్ట్స్ 'మోంటానా స్కై'లో ముగ్గురు తల్లుల కూతుళ్లు ఏడాదిపాటు రాంచ్‌లో కలిసుంటేనే ఆస్తి అని తండ్రి వీలునామా రాసిపోతాడు. మనకు వీలునామా అక్కర్లేదు, మేనరికం ఉంది. ఉయ్యాల్లో ఉండగా అనుకున్న మాట ఒక్కటి చాలు, మూడు వందల పేజీలు నడుస్తాయి. (బయట అదే మాట ఎందరు ఆడపిల్లల చదువు మాన్పించిందో నవలలు పెద్దగా పట్టించుకోలేదు.)

హైదరాబాద్ ఎల్బీనగర్‌లో మా అత్తయ్య దగ్గర వీక్లీల్లోంచి చింపి కుట్టించిన సీరియళ్లున్నాయి. కథ ఆగిన చోట పక్కనే సగం తెగిన జోకు, తలనొప్పి మాత్రల ప్రకటన. పనితనమంతా ఆ ఆగిన చోట్లలోనే ఉంది. పాత గొడవేమిటో ఒక్కసారిగా చెప్పరు. ఈ వారం అన్నం వడ్డిస్తూ పెద్దావిడ నోరు జారుతుంది, పైవారం దాకా మనం ఆగాలి.

అలాంటి నవల ఇప్పుడు రాస్తే చోటు ఈ ఎల్బీనగరే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వనస్థలిపురం దాకా నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వాళ్ల ఇళ్లే. పొలం ఊళ్లో, కౌలుకి. విలన్‌గా తల్లి కూడా అక్కర్లేదు. వ్యవసాయం చేసే కుర్రాడికి పిల్లనివ్వం అని సంబంధం మాట్లాడేటప్పుడే మొహమాటం లేకుండా చెప్పేస్తున్నారు. నేనైతే ఆ బావను సంక్రాంతి ముందు ఎల్బీనగర్‌లో బస్సు దింపుతాను. ఇంట్లో అడుగుపెట్టగానే మామయ్య మంచినీళ్లిస్తూ, పంట సంగతి వదిలేసి, ఎకరం ఎంత పలుకుతోందని అడుగుతాడు.